రాగి బిందె, గాజు సముద్రం

నేను ఒక రాగి బిందెను. మంచిదాన్నని చెప్పుకోను. నా సంగతి చెప్పవలసిన మనిషి పోయింది గనక నేనే చెప్పుకుంటున్నాను.

నన్ను బొబ్బిలిలో ఒక కంచరి కొట్టాడు. కొట్టాడంటే నిజంగానే కొట్టాడు. ఒట్టి రేకుగా పడివున్నదాన్ని సుత్తి దెబ్బలతో మెడ, కడుపు, అంచు ఉన్నదాన్ని చేశాడు. ఆ దెబ్బలు ఇప్పటికీ నా ఒంటిమీద చేప పొలుసుల్లా వరసగా ఉంటాయి. చేపలతో నాకున్న చుట్టరికం అంతవరకే.

పైడితల్లి తండ్రి నన్ను కొని, కూతురు కాపరానికి వెళ్ళేటప్పుడు సారెలో పెట్టాడు. నాతోబాటు వచ్చిన చలివిడి, అరిసెలు వీధివాళ్ళు తినేశారు. నేను మిగిలాను.

ఆమె మొగుడు సన్యాసినాయుడు విశాఖపట్నం పోర్టులో క్రేను నడిపేవాడు. ఓడ కడుపులోంచి టన్నుల బరువు ఎత్తి ఒడ్డున దించేవాడు. ఇంట్లో మంచినీళ్ళ బిందె ఎత్తిన పాపాన పోలేదు.

వాళ్ళ క్వార్టరు మూడో అంతస్తు. కుళాయి కింద. పైడితల్లి నన్ను నింపి, చంకనెత్తుకుని మెట్లెక్కేది. ఆమె నడుం వంపూ నా కడుపు వంపూ ఒకే కొలతకి చేసినట్టు అతికేవి. మలుపు దగ్గర ఆగి ఆ చంకనుంచి ఈ చంకకి మార్చుకునేది. ఇంట్లోకి వచ్చి ఇంకా నన్ను దించకముందే పేపరు వెనకనుంచి ఒక మాట వచ్చేది.

"మంచినీళ్ళు."

ముందు ఆయనకిచ్చి, తర్వాత తను తాగేది. ఆయన దుర్మార్గుడని కాదు నేననేది. కొట్టలేదు, తిట్టలేదు, తాగి రాలేదు. నీళ్ళు మొయ్యలేదు, అంతే. మొగుడు మంచివాడని చెప్పడానికి మనవాళ్ళు ఇంతకంటే ఏమీ అడగరు.

పిల్లలు లేరు. రిటైరయ్యాక మురళీనగర్లో ఫ్లాటు కొన్నారు. గదిగదికీ కుళాయి. అయినా పైడితల్లి నన్ను వదల్లేదు. పొద్దుగూకాక నింపి హాలు మూల స్టూలు మీద పెట్టేది. తెల్లారి ఆ నీళ్ళే ఇద్దరూ తాగేవారు. రాగినీళ్ళు ఒంటికి మంచివని ఆమె నమ్మకం. వారానికొకసారి చింతపండుతో తోమేది. నా ముఖంలో ఆమె ముఖం కనిపించేదాకా తోమి, అప్పుడు జుట్టు సవరించుకునేది. ఆ ఇంట్లో అద్దం లేక కాదు.

ఒక వర్షాకాలం ఆమె జ్వరంతో ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. శ్మశానానికి కొత్త మట్టికుండ తెచ్చారు. ఇన్నేళ్ళు ఆమె నడుమ్మీద బతికినదాన్ని, నన్నెవరూ అడగలేదు. అగ్గిపెట్టె విలువ చెయ్యని కుండ ఆమెతో చివరిదాకా వెళ్ళింది. ఆ కుండంటే నాకు ఇప్పటికీ మంట.

నాయుడు ఏడవలేదు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేయించాడు. కాఫీలు అందాయా లేదా చూసుకున్నాడు. తర్వాత ఫ్రిజ్జులో సీసా నీళ్ళు తాగడం మొదలెట్టాడు. నేను స్టూలు మీద ఖాళీగా నల్లబడ్డాను.

అప్పుడొచ్చింది అది.

నాయుడు పన్ను పీకించుకోడానికి వెళ్తే ఆ డాక్టరు గదిలో సముద్రపు అక్వేరియం ఉందట. పన్ను పోయింది. ఆయన మాత్రం నోట్లో దూది పెట్టుకుని, కాంపౌండరు వచ్చి తలుపులేస్తామనేదాకా దాని ముందే కూచున్నాడట. తర్వాత వారమే ఎలీషా అనే చేపల షాపతన్ని ఇంటికి తీసుకొచ్చాడు. ఎలీషా హాలంతా చూసి, ఎండ పడనిది, చల్లగా ఉండేది నా మూలేనని తేల్చాడు.

"ఈ బిందె తీసెయ్యాలి నాయుడుగారూ."

"దాందేముంది, అటకమీద పెట్టెయ్."

దాందేముంది. రెండు ముక్కల్లో నా కాపరం అటకెక్కింది. పగిలిన పీటకీ పాత ఫ్యానుకీ మధ్య కూచుని, నా చోట్లోకి వచ్చినదాన్ని చూస్తూ ఉండిపోయాను.

మనిషి నడుం ఎత్తు గాజు పెట్టె. దాని కింద ఇనుప స్టాండు ఏ మూలా ఒక గింజంత కూడా వాలకూడదని నాయుడు నేలమీద పడుకుని, ఒంటి కన్నుతో చూసి, అట్టముక్కలు దోపాడు. తెల్లని ఇసుక కడిగి పరిచాడు. చిల్లులు చిల్లుల రాళ్ళు తెచ్చి గుహలూ వంతెనలూ కట్టి, నచ్చక విప్పి, మళ్ళీ కట్టాడు. సముద్రం కొండ దిగితే కనిపిస్తుంది. ఈయన డబ్బాల్లో ఉప్పు కొని, ఫిల్టరు నీళ్ళలో కలిపి, గీతలున్న గాజు గొట్టంతో ఉప్పు కొలిచి, వేలు ముంచి నాకి చూసి, ఇంట్లో సముద్రం చేశాడు. పైడితల్లి కూరలో ఉప్పెక్కువైతే కంచం పక్కకి నెట్టిన మనిషి.

నీళ్ళు పోశాక వెంటనే చేపలు వెయ్యకూడదట. పెట్టె పక్వానికి రావాలట. రాళ్ళలో కంటికి కనపడని పురుగు పుట్టి, మురికిని తిని నీళ్ళని సిద్ధం చెయ్యాలట. అన్నం రెండు నిమిషాలు ఆలస్యమైతే గడియారం చూసేవాడు, ఒట్టి రాళ్ళూ నీళ్ళూ ఉన్న పెట్టె ముందు వారాల తరబడి ఓపిగ్గా కూచున్నాడు.

నత్తలు వచ్చాయి. ఎర్ర చారల రొయ్య వచ్చింది. నారింజ రంగు మీద తెల్లపట్టీల చేపల జంట వచ్చింది. చివరికి బతికున్న పగడాలు. ఒకటి పిడికిలిలా, ఒకటి చామంతిలా, ఒకటి పచ్చటి వేళ్ళు ఊపుతూ. పైన నీలం దీపం. ఆ వెలుతురు పడి మెరుస్తోందని పైడితల్లి ఫోటోని పడగ్గదిలోకి మార్చాడు.

నా కడుపులో ఎవరు దీపం పెట్టారు? నాకోసం ఎవరు చేతులు మోచేతులదాకా కడుక్కున్నారు? ఆయన దానికి గాజు తుడుస్తాడు. పలకరిస్తాడు. రొయ్య పొట్టు విడిస్తే పక్క ఫ్లాటువాళ్ళని పిలిచి చూపిస్తాడు. "లేచావా అమ్మా" అని పగడాన్ని అడగడం నేను విన్నాను. ఇన్నేళ్ళ కాపరంలో ఆ ఇంట్లో ఆ మాట మరొకరికి దక్కలేదు.

ఆవిరైన నీళ్ళకి బదులు రోజూ కొత్త మంచినీళ్ళు పొయ్యాలి. ఆ పని ఆయన ఒక్క పూట మానలేదు. పెట్టెకి దాహమని ఆయనకి తెలిసేది. అది అడగను కూడా అడగక్కర్లేదు.

పైడితల్లి సంవత్సరీకానికి ఆమె చెల్లెలు నూకరత్నం బొబ్బిలినుంచి వచ్చింది. చెప్పులు విప్పుతూనే పెట్టె చూసింది. చాలాసేపు చూసింది. బాగుందనే చూసి ఉంటుంది, ఆ మాట మాత్రం అనలేదు.

"యిదేటి బావా?"

"సముద్రం."

"సముద్రం బయటున్నాది గదా. అది సాల్లేదా?"

నాయుడు నవ్వి, మగ్గుతో పెట్టెలో నీళ్ళు పోశాడు. రత్నం ఆ మగ్గునే చూసింది.

"రోజూ నువ్వే పోస్తావా?"

"నేనే. మరిచిపోతే చచ్చిపోతాయి."

"మా అప్పకి ఒక్కనాడు పొయ్యలేదు."

నాయుడు మగ్గు పక్కన పెట్టాడు. రత్నం తలెత్తింది. అటకమీద నన్ను చూసింది.

"మా అప్ప బిందెని అటకెక్కించి, రొయ్యకి మేడ కట్టేవా? దింపు దాన్ని."

దింపాడు. ఆమె నన్ను వంటింట్లో ముందేసుకుని చింతపండూ ఉప్పూ పెట్టి తోమింది. ఏడుస్తూ తోమింది. నలుపు పోయి ఎరుపు తేలింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి చెప్పింది.

"రాత్రి దీంట్లో నీల్లు నింపి పొద్దున తాగు. ఒంటికి మంచిది. నువ్వు తాగవని నాకెరికే. పోనీ, నీ పేనం యేటిమీదున్నాదో దానికే పొయ్యి."

ఎత్తిపొడిచి వెళ్ళింది. ఆయన దాన్ని సలహాగా తీసుకున్నాడు. ఎత్తిపొడుపుని గుర్తుపట్టే తెలివి ఆయనకి ఎప్పుడూ లేదు.

పెట్టె పక్కనే నన్ను పెట్టి, ఫిల్టరు గొట్టం నా మూతిలో వేశాడు. ఒక పూటంతా నిలవ ఉంచి, తెల్లారి మగ్గుతో ముంచి దాంట్లో పోసేవాడు. ఉప్పునీళ్ళకి ఇనుము తగిలితే తుప్పు పడుతుందని ఎలీషా ముందే చెప్పాడు. రాగిని ఇనుముతో కలిపి ఎవరు చూస్తారు? తీర్థం ఉంచేది రాగి పాత్రలో. అంతకంటే శుద్ధి ఏముంటుంది? శ్రేష్ఠమైన నీళ్ళు తను తాగలేదు. దానికి పోశాడు.

మళ్ళీ నా కడుపు నిండింది. ఆనందపడ్డాను. నా సవతికి దాసిగా ఉండడం సిగ్గుచేటే. కానీ ఎండిపోయి అటకమీద ఉండి చూడండి, అప్పుడు సిగ్గు గురించి మాట్లాడదాం.

ముందు నత్తలు పట్టు తప్పాయి. గాజు మీదనుంచి జారి ఇసుకలో బోర్లా పడ్డాయి. తర్వాత రొయ్య ఒక పక్కకి ఒరిగి కాళ్ళు కొట్టుకుంది. చామంతిలాంటి పగడం ముడుచుకుని మళ్ళీ విచ్చుకోలేదు. నాయుడు పంపు విప్పి కడిగాడు, దీపం తగ్గించాడు. అయినా ముడుచుకుంటూనే ఉంటే, మంచినీళ్ళు చాలడం లేదనుకుని పాతనీళ్ళు తోడిపోసి, నానుంచి ఇంకా ముంచాడు. ఉప్పు కలపడానికి కూడా నన్నే వాడాడు. అవి ఎంత నీరసిస్తే అంత పోశాడు. ఎంత పోస్తే అంత నీరసించాయి.

ఎలీషా వచ్చి పెట్టెలో నీళ్ళు చిన్న సీసాలో పట్టి రెండు చుక్కలు మందు వేశాడు. నీళ్ళ రంగు తిరిగింది. అప్పుడు పక్కనున్న నన్ను చూశాడు.

"ఇదెందుకు ఇక్కడుంది?"

"దీంట్లో నిలవ ఉంచి పోస్తున్నాను. రాగి మంచిది కదా."

"మనకి మంచిది. వీటికి విషం. నత్తకి, రొయ్యకి, పగడానికి రాగి చుక్క పనికిరాదు." ఎలీషా తల పట్టుకున్నాడు. "అన్నీ చెప్పాను నాయుడుగారూ. రాగి బిందె తెచ్చి పోస్తారని నేనేం కలగన్నానా?"

"కడిగేస్తే?"

"రాళ్ళు పీల్చేసి ఉంటాయి. ఇసుక కూడా. ఇవి పారేసి అంతా మళ్ళీ మొదలెట్టాల్సిందే."

నాకు జాలి కలిగిందని చెబితే అబద్ధం. సుత్తి దెబ్బ తినకుండా, మెట్లెక్కకుండా, వస్తూనే నా మూలా నా ఇంటి మనిషినీ లాక్కున్నది ఆ పెట్టె. నేను దాని రాళ్ళలోకి దిగాను. అది ఎంత మెరిసినా లోపల నేనున్నాను. ఆ ఒక్క క్షణం కలిగినంత హాయి నాకెప్పుడూ లేదు.

ఎలీషా చేపల జంటని బతికించడానికి సంచిలో పట్టుకుపోయాడు. నాయుడు నేలమీద కూచుని, చచ్చిన పగడాన్ని తీసి తడిగుడ్డ మీద పెట్టాడు. పెట్టి ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా, ముక్కు తుడుచుకోకుండా ఏడ్చాడు. నా హాయి పోయింది. ఆయనలో ఒకే ఒక్క ఏడుపు ఉంది. అదీ దానికే దక్కింది.

మర్నాడు రత్నానికి ఫోను చేశాడు. ఆమె బస్సెక్కి వచ్చింది. రాళ్ళు గోనెసంచిలోకి వెళ్ళాయి. ఒట్టి గాజు పెట్టె మిగిలింది.

"బిందె పట్టుకుపో రత్నం."

"ఎందుకూ? ఆ పెట్టి తీసేస్తన్నావు గదా."

"తియ్యను. కొత్తది వస్తోంది."

"ఒలమ్మ. మల్లీనా?" ఆమె కొంగు బిగించింది. "మా అప్పది యీ ఇంట్లో యిదొక్కటే మిగిలింది బావా. ఆ పెట్టి కావాలో, యీ బిందె కావాలో తేల్చు."

"తేల్చే పిలిచాను."

నేను ఆయన ముఖమే చూస్తున్నాను. మగ్గు ముంచిన చెయ్యి నాకు తెలుసు. ఇన్నాళ్ళకి నా అంచు తెలిసిన చెయ్యి. ఉంచుకుంటాడనే అనుకున్నాను.

"బిందె చూస్తే మీ అక్క మెట్లెక్కడం కనబడుతోంది," అన్నాడు నాయుడు. "ముందు కనబడేది కాదు. నీళ్ళు ముంచడం మొదలెట్టాక కనబడుతోంది. ఆ పెట్టె చూస్తే ఏదీ కనబడదు."

"ఏదీ కనబడకపోతే బాగుంటాదా?"

"బాగుంటుంది."

రత్నం నన్ను అందుకోబోయింది. నాయుడు అడ్డం వచ్చి, "కిందిదాకా నేను తెస్తాను," అన్నాడు.

ఎత్తడం రాలేదు. మెడ పట్టుకున్నాడు, జారాను. రెండు చేతులా కావిలించుకుని పొట్టకి ఆనించుకున్నాడు. అడుగు కనపడక మెట్టు తడుముకుంటూ దిగాడు. లిఫ్టు ఉంది. ఎందుకు ఎక్కలేదో తెలీదు. మలుపు దగ్గర ఆగి, నన్ను గోడకి ఆనించి, రొప్పాడు.

"ఇంత బరువా ఇది?"

రత్నం పై మెట్టుమీద నిలబడి చూసింది.

"ఖాళీ బిందె బావా అది."

ఆయన మళ్ళీ ఎత్తుకున్నాడు. ఆటోదాకా తెచ్చి ఆమెకిచ్చాడు. నాకోసం ఆయన చేసిన మోత అదొక్కటే, అదీ నన్ను పంపించడానికి. నేను క్షమించలేదు. ఆయన అడగనూలేదు.

రత్నం ఆటోలో కూచోకముందు నన్ను ఒక్కసారి చంకనెత్తుకుంది. అలవాటుకొద్దీ ఎత్తుకుంది. అక్కచెల్లెళ్ళకి నడుం ఒకటే వస్తుందని నాకప్పుడు తెలిసింది.

ఇప్పుడు బొబ్బిలిలో ఉన్నాను. రోజూ నింపుతుంది. తనే తాగుతుంది. విశాఖపట్నం కబుర్లు ఫోనులో వస్తుంటాయి. కొత్త పెట్టె పాతదానికంటే పెద్దదట. నీళ్ళకి ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టాడట. పగడాలు విచ్చుకుంటే వీధివాళ్ళొచ్చి నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారట. రత్నం ఆ మాట చెబుతూ నావైపు చూస్తుంది. నేను పట్టించుకోనట్టు ఉంటాను.

చూసుకోనీ. దీపాలు పెట్టుకోనీ. గాజు పెట్టెని చంకనెత్తుకున్న మనిషిని మాత్రం నేనింతవరకు చూడలేదు.