గోడకు ఇవతల నాన్న

వీడియోగేముల్లో కొండలూ కోటలూ దూకే ఆ సాహసాల పిల్ల తండ్రి ఎలా పోయాడో పొల్లుపోకుండా చెప్పగలవాణ్ణి నేనొక్కణ్ణే.

పాత సమాధి తవ్వుతుండగా వచ్చిన దారి కూలిపోయి, పురావస్తు పండితుడైన ఆ తండ్రి లోపలి గదిలో చిక్కుకుపోయాడు. కప్పు బరువంతా మిగిలిన ఒక్క గోడ మీదే ఉంది.

అవతలినుంచి కూతురు ఆ గోడను తాపీతో తట్టింది. తట్టి వినడం ఆయన నేర్పిన విద్యే.

"నాన్నా, ఉన్నావా? ఒక్కసారి తట్టు చాలు, పగలగొట్టుకుని వచ్చేస్తా."

అన్నంత పనీ చేస్తుంది మొండిఘటం, అనుకున్నాడాయన. గోడ పగిలితే కప్పు ఇద్దరి మీదా పడుతుంది. తన చేతిలోని తాపీని మెల్లగా మట్టిలో గుచ్చి, ఊపిరి బిగబట్టాడు.

"ఇక్కడుంటే పలికేవారు కదమ్మా, పద," అన్నాడు ఆమె పక్కనున్న తవ్వకాల మేస్త్రీ.

అడుగుల చప్పుడు దూరమయ్యాక ఆయన నవ్వుకున్నాడు.

ఆ నవ్వు మాత్రం, ఈ కథ రాసేవాణ్ణి గనక, నేను అతికించిందే. ఆయన్ని ఏడుస్తూ వదిలి రావడానికి మనసొప్పలేదు.