పార్వతమ్మగారికి పంపిన బూరెలు

కన్నమ్మ ఇంట్లో ఆడవాళ్ళంతా మంత్రగత్తెలే. ఆ సంగతి భిలాయిలో ఎవరికీ తెలియదు. చెప్పినా నమ్మరు, ఎందుకంటే కుళాయి రాని రోజున వాళ్ళు కూడా బిందెలు పట్టుకుని ట్యాంకరు దగ్గర తోసుకునేవారు.

కన్నమ్మ కూతురు ఛాయకి పదిహేడేళ్ళు. విద్య కొత్తగా అబ్బింది. కోపం మాత్రం పుట్టినప్పటినుంచీ ఉంది. ఆ శ్రావణమాసంలో కోపమంతా పక్క క్వార్టర్ పార్వతమ్మగారి మీద. ఛాయ కోచింగ్ ఎగ్గొట్టి, సివిక్ సెంటర్లో ఎవరో కుర్రాడితో గుప్‌చుప్ బండి దగ్గర పానీపూరీలు తింటోందని ఆవిడ వీధంతా చెప్పింది. ఎగ్గొట్టడం నిజమే. తినడమూ నిజమే. కుర్రాడు మాత్రం బండి దగ్గర పక్కన నిలబడ్డాడంతే! ఆ ఒక్క ముక్కకే ఛాయకి ఒళ్ళు మండింది.

"అమ్మమ్మా, ఆంటీ నోట ఝూఠ్ రాకూడదు. క్యా కరూ?" అని చిన్నమ్మలుని అడిగింది.

"బూరెల పూర్ణంలో మంత్రం కలిపి పెట్టు. పొద్దు గూకేదాకా నిజమే పలుకుతాది. ఆ నిజం నువ్వు తట్టుకోగలవేటి?" అంది చిన్నమ్మలు.

ఛాయ ఆ ప్రశ్న విననట్టే వెళ్ళి బూరెలు వండింది. సగం ఇంట్లో ఉంచి, సగం పళ్ళెంలో పట్టుకెళ్ళింది. పార్వతమ్మగారు వరండాలో కూర్చుని తృప్తిగా తిన్నారు.

"ఆంటీ, నన్ను ఆ కుర్రాడితో మీరు చూశారా?"

"నేనెక్కడ చూశానమ్మా! మీ అమ్మే చెప్పింది. నలుగురి చెవినా వెయ్యమంది కూడా. బూరెల్లో బెల్లం చాల్లేదే!"

ఛాయ విసురుగా ఇంటికొచ్చింది. కన్నమ్మ విద్యంతా టీవీలో ఉంది. డాబా మీద యాంటెన్నా కాస్త తిప్పితే చాలు, కావలసిన మనిషి తెరమీద కనిపిస్తారు.

"నన్ను టీవీలో చూశావా అమ్మా?"

"చూశాను. మబ్బేసి తెరంతా చుక్కలు. వాడు నీకోసం వచ్చేడో, గుప్‌చుప్ కోసం వచ్చేడో తెలీలేదు. అందుకే పార్వతమ్మగారికి చెప్పేను. సెక్టారంతా ఊరికే కాపలా కాస్తాది కదేటి!"

"నన్నే అడగొచ్చు కదా!" అని ఛాయ అరిచింది.

మంత్రం వాసన పసిగట్టిన కన్నమ్మ ఇంట్లో మిగిలిన బూరె ఒకటి తీసి, తెరిచిన ఆ నోట్లోనే పెట్టింది.

"ఇప్పుడడుగుతున్నాను. ఎవడే వాడు?"

ఛాయ బూరె మింగి, పెదవులు బిగించింది. మాట ఆగలేదు. "మహేశ్. చరోదా రైల్వే కాలనీ. నాకు చాలా నచ్చాడు. నా పేరు కూడా వాడికి తెలీదు."

"ముందే అడిగుంటే చెప్పేదానివేటి?"

"చెప్పేదాన్ని కాదు."

కన్నమ్మకి నవ్వొచ్చింది, వెనకాలే జాలేసింది. పిల్ల ఒక్కతే నిజం చెప్పడం న్యాయం కాదనిపించి, పక్కన కూర్చుని తనూ ఒక బూరె తింది.

"భయమేసిందే. నీ వయసులో నేనేం చేశానో నాకు తెలుసు కదా!"

ఛాయ కళ్ళు తుడుచుకుని నిటారుగా కూర్చుంది. "ఏం చేశావమ్మా?"

కన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింటివైపు పరుగెత్తింది. గుమ్మంలో చిన్నమ్మలు అప్పటికే పీట వేసుకుని అడ్డంగా కూర్చుంది.

"సెప్పవే కన్నా," అంది. "నానూ ఇన్నేళ్ళబట్టి అడుగుదామనే అనుకుంటన్నాను."