కూజాలో ఒక్క గోలీ

ఖమరుద్దీన్ మా కంచంలో తిన్నవాడు. ఈ మాట ముందే చెబితే, అతని పేరెత్తగానే నాకెందుకు కడుపు మండుతుందో మీకు తెలుస్తుంది.

డెబ్బై ఆరులో గల్ఫ్‌లో, సహం అనే ఊళ్లో బడి కట్టే కంపెనీలో మేం పదహారు మందిమి ఒకే రూమ్‌లో ఉండేవాళ్లం. అందరిదీ జగిత్యాల చుట్టుపక్కలే. ఖమరుద్దీన్‌ది నిజామాబాద్, మందుల కంపెనీలో సేల్స్‌మన్. తెలుగు మాట వినాలని ఉందంటూ ప్రతి శుక్రవారం వచ్చి, మా పప్పుచారు తిని, మా మంచాల మీదే నడుం వాల్చేవాడు.

ఒక శుక్రవారం నన్ను ఒక్కణ్నే బయటికి పిలిచి, రాహతిన్ అనే గోలీల గొట్టం ఒకటి చేతిలో పెట్టాడు. ఒళ్లునొప్పులకు కొత్త మందట. నీళ్లలో వేస్తే బుసబుసా పొంగుతుంది. మా రూమ్ వాళ్లకు ఊరికే తాగించి చూపమన్నాడు.

"మస్తు గట్టిది దేవయ్య భాయ్. ఒక్కటి కూజల ఎయ్యి, రూమంతటికి సాలు. నీ చేతితోని పోస్తే నమ్ముతరు."

నా చేతికి అంత విలువుందా అని ఉబ్బిపోయాను.

మావాళ్లకు అందులో వింతేమీ కనబడలేదు. ఊళ్లో పని దిగాక ఒకే కుండలో కల్లు అందరం పంచుకుని తాగినవాళ్లమే. పక్కన మనిషి ఉండగా ఒక్కడే తాగడం మాలో సిగ్గుమాలిన పని. రోజూ డ్యూటీ దిగగానే కూజాలో గోలీ వేసి పదహారు గ్లాసుల్లో పోసేవాణ్ని. పక్క రూముల వాళ్లు దుకాణంలో గొట్టం కొనుక్కుంటే వాళ్లకూ ఇదే పద్ధతి నేర్పాను.

మూడు వారాలు తాగినా ఎవరికీ ఏమీ తగ్గలేదు. మా అక్క కనకవ్వ పెనిమిటి పోచన్న బాధ మరీ ఎక్కువ. సిమెంటు బస్తా మోస్తూ జారి, నడుం పట్టేసింది. హాస్పిటల్‌కు పోతానంటే ఇంకో నాలుగు రోజులు చూడు బావా అని నేనే ఆపాను. నా మాట మీద ఆ నీళ్లే తాగాడు. గోడ పట్టుకోకుండా లేవలేని స్థితికొచ్చాడు.

రాహతిన్‌కు ఉత్త సోడా అని పేరు పడింది. ఆ పేరు సైటు నుంచి సైటుకు, ఎక్కడో దూరాన ఉన్న సీబ్ ఊరి దాకా పాకింది. దుకాణాల్లో గొట్టాలు దుమ్ము కొట్టుకుపోయాయి.

చివరికి సరుకు ఎత్తేయడానికి బొంబాయి నుంచి మేనేజరు వచ్చాడు. ఎందుకు అమ్ముడుపోలేదో తెలుసుకుందామని ఖమరుద్దీన్‌ను వెంటబెట్టుకుని మా రూముకే వచ్చాడు. ఎలా తాగారని అడిగితే పోచన్న కూజా చూపించాడు. మేనేజరు తల పట్టుకున్నాడు. మనిషికి ఒక గోలీ, నిండు గ్లాసులో వేసుకోవాలట. అందుకే మనిషికో గొట్టం చొప్పున ఈ రూముకు పదహారు గొట్టాలు పంపించామన్నాడు.

నేను ఖమరుద్దీన్ వైపు చూశాను. తప్పు తనదని ఒప్పుకుంటాడనే చూశాను, అంత పిచ్చివాణ్ని. అతను నా మొహంలోకి చూస్తూనే, పదహారూ దేవయ్య చేతికే ఇచ్చానని హిందీలో అన్నాడు. అక్కడున్న ప్రతి ఒక్కరికీ అర్థమైంది.

ఒక్కటే ఇచ్చాడని మొత్తుకున్నాను. కానీ ఇస్తుండగా చూసిన మనిషి లేడు. పోసిన చెయ్యి మాత్రం నాదే, మూడు వారాలు అందరూ చూశారు.

వాళ్లు వెళ్లిపోయాక గొట్టం దులిపితే అడుగున ఒక గోలీ మిగిలి ఉంది. నిండు గ్లాసులో వేసి పోచన్నకిచ్చాను. గంట గడిచేసరికి గోడ పట్టుకోకుండా లేచి నిలబడ్డాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక నన్ను నమ్ముతాడనుకున్నాను.

పోచన్న ఖాళీ గ్లాసు వైపే చూస్తూ అడిగాడు.

"గింత మంచి గోలీలు మాకియ్యకుంట ఎవలికి అమ్ముకున్నవ్ దేవయ్యా?"