లోడుతో పద్నాలుగు

జమ్మలమడుగు బస్టాండు ఎదుటి ఫ్లెక్సీలో తన మొహం చూసి జాస్మిన్ బ్రేకు తొక్కింది. బండి వెనకాల అరటిగెలలకు కట్టిన తాళ్ళు కిర్రుమన్నాయి. వెనకొస్తున్న ఆటో అతను హారన్ మోగించి ఏదో తిట్టాడు. ఆమెకు వినిపించలేదు.

ఫ్లెక్సీ మేడంత ఎత్తుంది. అందులో ఆమె మెడలో బంతిపూల దండ, చేతిలో అట్టతో చేసిన పెద్ద తాళంచెవి, వెనక కొత్త హైబ్రిడ్ పికప్. కిందటేడు బండి తీసుకున్న రోజు ప్రొద్దుటూరు షోరూములో తీసిన ఫొటో అది. బండి కొన్న అందరికీ తీసినట్టే తనకూ తీస్తున్నారనుకుంది అప్పుడు. ఫొటో పక్కన ఎర్రటి అక్షరాలున్నాయి: "లీటరుకు ఇరవై నాలుగు! ఇది నా అనుభవం. జాస్మిన్, జమ్మలమడుగు."

ఆ మాట ఆమె ఏనాడూ అనలేదు.

జాస్మిన్ తండ్రి పాల్ రాజు మిషన్ ఆస్పత్రిలో జీపు నడిపేవాడు. కూతురికి స్టీరింగు పట్టడం ఆయనే నేర్పాడు. ఆయన పోయాక ఆమె పాత డీజిల్ బండి ఒకటి కొని బాడుగలకు తిప్పింది. పులివెందులలో అరటిగెలలు ఎక్కించుకుని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మండీలకు తెచ్చేది. తిరుగు దారిలో ప్రొద్దుటూరు నుంచి బట్టల మూటలు పులివెందుల అంగళ్ళకు చేర్చేది. పాత బండి అరిగిపోయాక ఈ హైబ్రిడ్ తీసుకుంది. పెట్రోలు ఇంజనుకు తోడు బ్యాటరీతో తిరిగే మోటారు ఉంటుంది దీనికి. బజారులో ఆగుతూ పోతుంటే ఇంజను తనంతట తానే ఆగిపోయి, బండి చప్పుడు లేకుండా కదులుతుంది. అలాంటిచోట లీటరుకు పద్దెనిమిది కిలోమీటర్ల దాకా ఇచ్చేది. నిండు లోడుతో ముద్దనూరు దారిలో కొండ ఎక్కుడు ఎక్కితే మాత్రం బ్యాటరీ కాసేపటికే చేతులెత్తేసేది. ఆ దారిలో పద్నాలుగు. ఎన్నిసార్లు ట్యాంకు నిండుగా కొట్టించి చూసుకున్నా అంతే. పాత బండి కంటే అదీ మేలే. బండి మీద ఆమెకు ఏ కోపమూ లేదు.

మరునాడు పులివెందుల అరటి మండీలో వలి బాషా ఎదురొచ్చాడు. చక్రాయపేట వైపు చీనీకాయలు, అదే బత్తాయిలు, తోలే పాత డ్రైవరు, పాల్ రాజుకు స్నేహితుడు. ఎప్పుడూ నవ్వుతూ పలకరించే మనిషి ఆ రోజు బండి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం మే జాస్మినా, ఏమిచ్చినారు నీకు ఆ షోరూమోళ్లు?"

"ఏందికి మామా?"

"ఆ బొమ్మకు. ఈడ కదిరి రోడ్డులో నెల కిందటి నుంచి వేలాడతాంది. అది చూసే కదా, ఉన్న బండి అమ్మేసి నేనూ ఇదే తీసుకుంటి. పాల్ రాజు బిడ్డ అబద్ధం చెప్పదులే అనుకుంటి. కాయలు వేసుకోని వస్తే పదమూడు గూడా రాలా నాకు."

"నేను చెప్పలా మామా. ఫొటో తీసుకున్యారు, మాట వాళ్లే రాసుకున్యారు. కదిరి రోడ్డు పక్కకు నేను రాను, నిన్ననే మా ఊళ్లో చూస్తి."

బాషా బండి తలుపు వదిలేశాడు. "చెప్పింటే నువ్వు అబద్ధాలకోరువి. చెప్పకుండా ఊరుకుంటే గూడా అంతే కదమ్మా," అని వెళ్ళిపోయాడు.

ఆ మాట ప్రొద్దుటూరు చేరేదాకా ఆమెను పొడుస్తూనే ఉంది. గెలలు దించి నేరుగా షోరూముకు వెళ్ళింది. యజమాని లక్ష్మీనారాయణది తరాలుగా బంగారు వ్యాపారం చేసిన కుటుంబం. మర్యాద తెలిసిన మనిషి. కాఫీ తెప్పించాడు. ఆమె ముట్టుకోలేదు.

"ఆ ఇరవై నాలుగు యాడిదన్నా?"

"కంపెనీ టెస్టులో వచ్చిందమ్మా. మేము కల్పించింది కాదు."

"టెస్టులో ముద్దనూరు ఎక్కుడు ఉందా? ఈ ఎండ ఉందా? వెనకాల గెలలు ఉండాయా?"

"అవేం ఉండవు. గదిలో రోలర్ల మీద తిప్పుతారు."

"అయితే రోలర్ల మీద అని రాయించు. నా అనుభవం అని ఎందుకు రాసినావు?"

ఆయన చేత్తో బల్ల మీది దుమ్ము తుడిచాడు. "ఆడమనిషి చెప్తే జనం నమ్ముతారమ్మా. నీకూ పేరు వస్తాది కదా. ఎప్పుడొచ్చినా నీ సర్వీసు ఊరికే చేయిస్తా. సరేనా?"

"నాకేదీ ఊరికే వద్దు. ఫ్లెక్సీలు దించన్నా."

"దసరా సీజను దాటనీ."

"అప్పటికి ఇంకెంతమంది మునుగుతారో!"

లక్ష్మీనారాయణ మొహం బిగుసుకుంది. "మైలేజీ అనేది డ్రైవరు కాలి కింద ఉంటాది. నీకు పద్నాలుగే వస్తే బండిని అని ఏం లాభం?"

జాస్మిన్ లేచి వచ్చేసింది. ఇంటికి వచ్చి తల్లి ముందు కూర్చుంది. తల్లి ఆనందమ్మ ఆస్పత్రిలో ఆయాగా చేసి మానేసిన మనిషి. చర్చి గోడల మీద వాక్యాలు రాయాలంటే సంఘం వాళ్ళు ఇప్పటికీ ఆమెనే పిలుస్తారు. కూతురు చెప్పిందంతా విని, "వాళ్లు నీ పేరు రాసి నీది కాని మాట పెట్టినారు. నువ్వు నీ మాట రాసి నీ పేరు పెట్టు. గోడ లేకుంటే ఏమాయ, బండి లేదా?" అంది.

తెల్లారాక తల్లీకూతుళ్ళు బండిని వాకిట్లో నిలిపి రెండు తలుపుల మీదా, వెనక పలక మీదా ఎర్ర రంగుతో రాశారు. ఆనందమ్మ అక్షరాలు గుండ్రంగా, దూరానికి కూడా కనబడేటట్టు వచ్చాయి.

"లోడుతో పద్నాలుగు. ఖాళీగా పదిహేడు. బజారులో పద్దెనిమిది. ఫ్లెక్సీలో మొహం నాది. మాట నాది కాదు. జాస్మిన్."

మొదట బండిని తీసుకెళ్ళి బస్టాండు దగ్గర ఆ ఫ్లెక్సీ కిందే నిలిపింది. జనం పైన చదివారు, కింద చదివారు, ఆమె మొహం చూశారు. టీ అంగడి దగ్గర ఎవరో పడీపడీ నవ్వారు. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. అయినా తల దించుకోలేదు. అక్కడి నుంచి పులివెందుల, పులివెందుల నుంచి ప్రొద్దుటూరు, షోరూము ముందు నుంచే రోజూ తిరిగింది.

వారం తిరక్కముందే బట్టల మూటల బాడుగ ఆగిపోయింది. మూటలు పంపే ప్రొద్దుటూరు అంగడి లక్ష్మీనారాయణ బంధువులది. షోరూము నుంచి ఫోనొచ్చింది, బండి మీద రాతలు రాస్తే వారంటీ చెల్లదని. "చెల్లదని కాయితం మీద రాసి పంపండి. దాన్ని గూడా తలుపు మీద రాయిస్తా," అని ఫోను పెట్టేసింది. వారంటీ నిజంగానే పోతే, బ్యాటరీ చెడితే ఏం చేయాలో ఆమెకు తెలియదు. ఖాళీ బండితో పులివెందుల పోతుంటే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నడిపింది.

మండీలో బాషా బండి నిలిపి ఉంది. దాని వెనక పలక మీద వంకరటింకర అక్షరాలున్నాయి: "చీనీకాయలతో పదమూడు. వలి బాషా."

"నాది నీ అంత అందంగా రాలా," అన్నాడాయన గడ్డం గోక్కుంటూ. "ఆ పొద్దు నోరు జారితి పాపా. మనసులో పెట్టుకోవద్దు."

"నువ్వు అనబట్టే కదా మామా ఇదంతా," అంది ఆమె. ఇద్దరూ నవ్వారు. ఆ నెలలోనే వీరపునాయునిపల్లె వైపు పాలక్యాన్లు తోలే హైబ్రిడ్ మీదా, అలాంటివే మరో రెండు బండ్ల మీదా అంకెలు వెలిశాయి. ఎవరి అంకె వాళ్ళది. ఒక్కటీ ఇరవై దాటలేదు.

చివరికి లక్ష్మీనారాయణే మండీకి వచ్చాడు. వెంట కంపెనీ పంపిన డ్రైవరు. "మావోడు నడుపుతాడు. నీ బండి, నీ లోడు, నీ దారి. నేనూ కూర్చుంటా. ఏమంటావు?"

"రాన్నా," అంది జాస్మిన్.

పులివెందులలో ట్యాంకు నిండుగా కొట్టించారు. ఏసీ వేస్తే పెట్రోలు తాగుతుందని ఆ డ్రైవరు ఆపేశాడు. నిమ్మళంగా, పెళ్ళి ఊరేగింపులా పోనిచ్చాడు. సైకిళ్ళు తప్ప అన్నీ వాళ్ళను దాటుకుని పోయాయి. ఎక్కుడు మీద ఇంజను మూలుగుతుంటే లక్ష్మీనారాయణ తెల్లచొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. జమ్మలమడుగులో ఫ్లెక్సీ కింద నుంచి పోయేటప్పుడు ముగ్గురిలో ఒక్కరూ తలెత్తలేదు. ప్రొద్దుటూరు బంకులో మళ్ళీ ట్యాంకు నింపి చూస్తే లీటరుకు పదిహేను వచ్చింది.

"ఒకటి ఎక్కువొచ్చింది," అన్నాడు కంపెనీ డ్రైవరు మెల్లగా.

"ఇట్లా పోతే గెలలు దారిలోనే మాగిపోతాయన్నా," అంది జాస్మిన్.

లక్ష్మీనారాయణ రుమాలుతో మెడ తుడుచుకుని, "ఫ్లెక్సీలు దించిస్తాలేమ్మా," అన్నాడు. రెండు రోజుల్లో మూడు ఊళ్ళలోనూ ఫ్లెక్సీలు దిగిపోయాయి. వారంటీ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆయన ఫోను చేసి, "నా మాట నేను నిలబెట్టుకుంటినమ్మా. ఇంక నీ బండి మీది రాత తుడిపేయి," అన్నాడు.

"నీది అబద్ధం కాబట్టి దించినావు. నాది నిజం, నేనెందుకు తుడపాల?"

"అది చూసి నా బండ్లు ఎవరు కొంటారు?"

"బజారులో తిరిగేటోళ్లు కొంటారు. వాళ్లకు ఇంతకన్నా మంచి బండి లేదు. నా దగ్గరికి పంపియ్, నేనే చెప్తా. ఎక్కుళ్లు ఎక్కేటోళ్లకు గూడా నేనే చెప్తా."

బట్టల బాడుగ తిరిగి రాలేదు. రాదని తెలిసి ఆమె అడగలేదు కూడా. దసరా వెళ్ళాక చిలమకూరు నుంచి సిమెంటు బస్తాలు తోలే పని దొరికింది. బరువు ఎక్కువ, దుమ్ము ఎక్కువ. మొదటి ట్యాంకు అయిపోయాక ఆమె తల్లిని వాకిట్లోకి పిలిచి, రంగు డబ్బా మూత తీసింది.

"సిమెంటుతో పన్నెండు. అది గూడా రాయి మా."