ఆనాటి ఎండ

ఆ రోజు ఉదయం ఆకాశంలో మబ్బుతునక లేదు. అప్పుడే పొద్దు పొడిచింది. కల్వర్టు మీద పరుగెడుతున్న మనిషి ముఖాన ఎండ సూటిగా పడి, ఎడమ చెంప మీది పుట్టుమచ్చ కూడా కనిపించింది. నేను మందను తోలుకుపోతున్నాను.

పోలీసులకు ఇదే చెప్పాను. ఉన్ని గోదాము కాపలాదారును తలమీద కొట్టి చంపి పారిపోయింది ఆ మనిషేనన్నారు. స్టేషన్లో ఎనిమిది మందిని వరసగా నిలబెడితే, తడుముకోకుండా ఒకడికి వేలు చూపించాను. ఊళ్లు తిరిగి కత్తులకూ కత్తెరలకూ సాన పట్టేవాడతను.

"రెండొందల గొర్రెల్ని ముఖం చూసి చెప్పేవాణ్ణి, ఒక్క మనిషిని పోల్చుకోలేనా?" అన్నాను. ఇన్‌స్పెక్టరు నవ్వి భుజం తట్టాడు.

నాలుగు నెలలకు కేసు విచారణకొచ్చింది. మర్నాడు సాక్ష్యం చెప్పాలనగా, దొడ్డి ఊడుస్తున్న మా ఆవిడకు అంతా మళ్లీ అప్పజెప్పాను, బడిలో ఎక్కం చదివినట్టు.

ఆమె చీపురు ఆపింది. "మంద ఎక్కడికి పోయింది? ఆ రోజు మధ్యాహ్నం దాకా తడికే తియ్యలేదుగా!"

"ఎందుకు తియ్యలేదు?"

"నన్నడుగుతావేంటయ్యా? మంచు. చెయ్యి చాపితే చెయ్యి కనపళ్ళేదు. తడిగడ్డి మేస్తే జబ్బు చేస్తాయని, మంచు విడిచేదాకా ఒక్కదాన్నీ వదలవు కదా నువ్వు."

"అది వేరే రోజే."

"కాపలాదారు పోయాడని పాలవాడు అరుచుకుంటూ పోయినప్పుడు నేను గొర్రెకి కాన్పు చేస్తున్నా. ఆ పిల్లకి పేరు పెట్టిందెవరో?"

పిల్ల తడిక పక్కన నిలబడి నన్నే చూస్తోంది. దాని పేరు మంచు. పెట్టింది నేనే.

దొడ్డి నుంచి కల్వర్టుకు నడిచాను. నూట ఇరవై అడుగులు. ఆ మంచులో, దొడ్డి దగ్గరున్న నాకు తెలిసింది పరుగు చప్పుడు ఒక్కటే. అంతే అయివుండాలి. మరి ఆ ఎండ ఎక్కడిది?

ఇంటికొచ్చి దూలానికి వేలాడుతున్న ఉన్ని కత్తెర దించాను. అంచు తళుక్కుమంది. అప్పుడు తెలిసింది. హత్యకు వారం ముందు ఈ కత్తెరకు సాన పట్టింది అతనే. మా గుమ్మంలో తూర్పు ముఖంగా కూర్చున్నాడు. ముఖం నిండా ఎండ, చెంప మీద ఆ మచ్చ. ఆ ముఖాన్నీ ఆ ఎండనూ కలిపి పెళ్లగించి, తీసుకెళ్లి కల్వర్టు మీద పెట్టింది నా మనసు. నన్నడగలేదు. కంబళి మాసికలు ఎన్నో వేశాను, అతుకు ఎంత దాచినా వేలికి తగులుతుంది. దీనికి ఎంత తడిమినా తగల్లేదు. నాలో ఇంత పనివాడు ఉన్నాడని అరవయ్యేళ్లుగా నాకే తెలియదు.

బోనెక్కి ఉన్నదున్నట్టు చెప్పాను.

"అప్పుడు ఎండ, ఇప్పుడు మంచు. రేపు వానా, పెద్దాయనా?" అన్నాడు సర్కారు ప్లీడరు. అందరూ నవ్వారు.

"ఏమో బాబూ. కళ్లు మూస్తే నాకిప్పటికీ ఎండే కనపడుతోంది. కానీ నా గొర్రెలు ఆ రోజు బయటికి పోలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. జడ్జిగారు కలం అందుకుని ఆ మాట రాసుకున్నారు.

వేరే సాక్ష్యమేదీ లేదు. వారానికి అతన్ని వదిలేశారు.

ఆ మర్నాడే సానరాయి భుజాన వేసుకుని మా గుమ్మంలోకొచ్చాడు. గడ్డం నెరిసింది. నేను లేచి నిలబడ్డాను.

"కత్తెర మొద్దుబారిందా?" అన్నాడు.

మా ఆవిడ మూడు కంచాలు పెట్టింది. అతను నా ఎదురుగా కూర్చున్నాడు. గుమ్మంలోంచి ఎండ వచ్చి అతని చెంప మీద పడింది. ఒక్క క్షణం కళ్లు మూశాను. కల్వర్టు మీద ఇంకా పరుగెడుతూనే ఉన్నాడు. కళ్లు తెరిచాను. తల వంచుకుని నెమ్మదిగా తింటున్నాడు. నేనూ కంచంలో చెయ్యి పెట్టాను.