వంకల మేస్త్రి సారీ పాఠాలు

పింగాణీ కప్పుల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ వంకల మేస్త్రి అనేవాళ్ళు. ముఖాన కాదు లెండి, అంత ధైర్యం ఎవరికుంది! బట్టీలోంచి వచ్చిన ప్రతి కప్పునీ గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని, దీపం ముందు తిప్పి చూసి, "ప్చ్, తీసెయ్" అనడం ఆయన పని. ఆ పని చేసీ చేసీ ఇంటికొచ్చాక కూడా మానలేకపోయాడు. కూరలో ఉప్పు, గోడకి వేసిన రంగు, బావమరిది క్రాఫు, పక్కింటి పిల్ల పాట, ఏదీ ఆయన చేతిలో పాస్ కాలేదు.

అలాంటి మనిషి కుర్చీలోకి ఒక కెమెరా యంత్రం వచ్చి కూర్చుంది. ఆయన ఒక కప్పు తిప్పి చూసేలోపు అది బుట్టెడు చూసేస్తోంది. టీకి లేవదు, సెలవడగదు. మేస్త్రి ఊరుకుంటాడా? దానికీ వంకలు పెడదామని అది పాస్ చేసిన కప్పులన్నీ మళ్ళీ మీటి చూశాడు. ఒక్క పగులు దొరికితే ఒట్టు. పైగా ఆయన పాస్ చేసినవాటిలోనే అది రెండు బీటలు పట్టుకుంది. ఆ మధ్యాహ్నం మేస్త్రికి అన్నం సహించలేదు.

సాయంత్రం మేనేజరమ్మ పిలిపించింది.

"మేస్త్రిగారూ, మిమ్మల్ని పంపించెయ్యడం నాకిష్టం లేదు. ఫిర్యాదుల కౌంటర్ కొత్తగా పెడుతున్నాం, అక్కడ కూర్చోండి. కాకపోతే అక్కడి పని వేరు. వచ్చినవాళ్ళు చెప్పేది పూర్తిగా వినాలి. వాదించకూడదు. సారీ చెప్పాలి."

"తప్పు వాళ్ళదైతే?"

"అప్పుడూ మీరే చెప్పాలి. సోమవారం చిన్న పరీక్ష పెడతాను. గట్టెక్కితే ఉద్యోగం మీది. లేదంటే నేను చెయ్యగలిగిందేమీ లేదు."

చెప్పొద్దూ, పెళ్ళయిన దగ్గర్నుంచీ మేస్త్రి నోట సారీ అన్న మాట వచ్చిన పాపాన పోలేదు. బస్సులో ఎవరి కాలైనా తొక్కితే, కాలు అక్కడెందుకు పెట్టావని అడిగే రకం!

ఇంటికెళ్ళి పెళ్ళానికి చెప్పాడు. ఆవిడ చేస్తున్న పని ఆపి మొత్తం విన్నది. వింటున్నకొద్దీ ఆవిడ కళ్ళు మెరవడం మొదలుపెట్టాయి.

"దీనికింత దిగులెందుకండీ? నేను నేర్పిస్తాగా! ఫిర్యాదులకి మన ఇంట్లో కొదవేముంది?"

భోజనాల బల్లే కౌంటరయింది. ఆయన అటు, ఆవిడ ఇటు. ఆవిడ కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"పోయిన వానాకాలం గొడుగు బస్సులో మీరు వదిలేసి, నేను పారేశానని చుట్టాలందరికీ చెప్పారు."

"గొడుగు నీ చేతిలోనే కదా..."

ఆవిడ బల్లమీద ఫట్‌మని కొట్టింది. "ఫెయిల్!"

"అది కాదే..."

"మళ్ళీ ఫెయిల్! ఇంకోటి. ముచ్చటపడి కొత్త చెప్పులు కొనుక్కుంటే బాతు నడకన్నారు."

"నడక అలాగే ఉంటే..."

"ఫెయిల్!" ఆవిడకి నవ్వాగలేదు. ఇన్నేళ్ళలో భర్త నోరు మూయించే పని ఇంత హాయిగా ఉంటుందని ఆవిడకి తెలిస్తే కదా!

మర్నాటికి వార్త పాకింది. బావమరిది పొద్దున్నే ఊడిపడ్డాడు. "బావా, నా క్రాఫు సంగతి కూడా కాస్త తేల్చు" అంటూ అక్క వెనకాల వరసలో నిలబడ్డాడు. మేస్త్రి పళ్ళు నూరాడు. ఉద్యోగం గుర్తొచ్చి నూరడం ఆపాడు.

ఆదివారానికి పాఠం ఒక దారికొచ్చింది. "అయ్యో, అలా జరిగిందా! తప్పు మాదే. సారీ అండీ. ఇంకెప్పుడూ అలా జరగదు." ఇంతవరకూ బాగానే అప్పజెప్పేవాడు. మధ్యలో తడబడితే మాత్రం ఆవిడ లేచి, "అయితే నేను తమ్ముడింటికి పోతున్నా" అని బెదిరించేది. వంట రాని మనిషి కదా, ఠారెత్తిపోయి, "తమ్ముడింటికి మాత్రం వెళ్ళకు" అని బతిమాలుకునేవాడు. ఆ బతిమాలడం కూడా పాఠంలో కలిసిపోయి నోటికి పట్టేసిందని ఆయన గమనించలేదు.

సోమవారం మేనేజరమ్మ గదిలో పరీక్ష. కస్టమరుగా నటించమని స్టోరు గుమాస్తాని కూర్చోబెట్టింది. ఆ గుమాస్తా ఏళ్ళ తరబడి మేస్త్రి నోటి దురుసుకి దొరికిపోయినవాడు. అవకాశం వస్తే వదులుతాడా?

"ఏమయ్యా, మీ కప్పు పిడి ఊడి వేడి టీ మా అమ్మ చేతిమీద పడింది! ఇదేనా మీ సరుకు?" అని అందుకున్నాడు. మేస్త్రి బుద్ధిగా తలూపాడు. గుమాస్తాకి ఊపొచ్చింది. కప్పు సంగతి పక్కన పెట్టేశాడు. "అసలు నీకు మనుషులంటే లెక్కుందా? పెట్టెలు తారుమారయ్యాయని అందరి ముందూ నన్ను గుడ్డివెధవ అన్నావు. ఆ రోజు మా ఇంటికెళ్ళి ఎంత బాధపడ్డానో తెలుసా?"

నటన ఎప్పుడు ఆగిపోయిందో గుమాస్తాకే తెలియలేదు.

'తారుమారు చేసింది నువ్వే కదరా' అన్న మాట మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది. మింగాడు. మింగిన కంగారులో పాఠం మొత్తం ఏకబిగిన బయటికొచ్చేసింది.

"అయ్యో, అలా జరిగిందా! తప్పు మాదే. సారీ అండీ. ఇంకెప్పుడూ అలా జరగదు. మీరు తమ్ముడింటికి మాత్రం వెళ్ళిపోకండి!"

గుమాస్తా నోరు తెరిచాడు. "నాకు తమ్ముడే లేడు మేస్త్రీ!" అని పడీపడీ నవ్వాడు. మేనేజరమ్మ ఫైలు అడ్డం పెట్టుకుంది కానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి. నవ్వాగాక గుమాస్తా కళ్ళు తుడుచుకుని, "పోన్లెండి, ఆ సంగతి ఇంతటితో వదిలేస్తున్నా" అన్నాడు.

"పాసయ్యారు. ఆ తమ్ముడి ముక్క మాత్రం తీసెయ్యండి" అంది మేనేజరమ్మ.

మేస్త్రి ఎగురుకుంటూ ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాడు. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

"హమ్మయ్య, నీ పాఠాల పీడ వదిలింది" అని ఆయన కాళ్ళు బారజాపాడు.

"ఒకటి మిగిలిందండీ" అంది ఆవిడ, బల్ల తుడుస్తూ.

"ఇంకా ఏముందే?"

"పెళ్ళయిన కొత్తలో నాకు టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. మీరు వంకలు పెట్టారు. బస్సు దూరమన్నారు. పరాయివాళ్ళతో మాట్లాడే పనేమిటన్నారు. నేను వెళ్ళలేదు."

"అయ్యో, అలా జరి..." అని ఆగిపోయాడు. ఎలా జరిగిందో తనకి తెలియకపోతే కదా! పాఠం ముందుకు కదల్లేదు. ఆవిడ బల్ల మీద కొట్టలేదు.

"ఫెయిల్ అనవేం?" అన్నాడు చిన్నగా.

"ఇది ప్రాక్టీసు కాదు కాబట్టి."

ఆయన కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"బస్సేం దూరం కాదు" అన్నాడు చివరికి. "నలుగురిలో నువ్వు నాకంటే బాగా మాట్లాడతావు. నన్ను ఎక్కడ దాటిపోతావోనని భయపడ్డాను."

ఆవిడ కళ్ళు నిండాయి. కొంగుతో ఒత్తుకుంది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"మీ కౌంటర్లో ఇంకెవరైనా కావాలంటారా?"

ఆయన నోరు తెరిచాడు. ఆవిడ వయసు, మోకాలి నొప్పి, ఇంట్లో వంట, అన్నీ నాలుక మీద బారులు తీరాయి. ఒక్కొక్కదాన్నీ మింగాడు.

"రేపు అడుగుతాను."

"మీరు అడగడమెందుకు? నంబరివ్వండి."

ఇచ్చాడు. ఆవిడ అక్కడే కూర్చుని ఫోను కలిపింది. అవతల మేనేజరమ్మ ఎత్తగానే గొంతు సవరించుకుంది.

"నమస్కారమండీ. వంకల మేస్త్రిగారికి సారీ నేర్పింది నేనేనండీ. నేర్చుకున్నాయనకి ఉద్యోగమిచ్చారు, సంతోషం. మరి నేర్పినదాని సంగతేమిటి?"