అర్ధమొగుడి సిఫారసు

మా అన్నయ్యా వదినా విడాకులు తీసుకున్నప్పుడు ఇంట్లో సామానంతా పంచుకున్నారు. నన్ను ఎవరికివ్వాలని ఎవరూ అడగలేదు. ఊరికే అన్నయ్య వాటాలో పడిపోయాను.

"దాని పేరిక ఈ ఇంట్లో ఎత్తకే. తెగిన చుట్టరికానికి ముడులేస్తూ కూర్చుంటావా?" అంది అమ్మ.

ఆడపడుచు అర్ధమొగుడని సామెత. మొత్తం మొగుడు వదిలేస్తే వదిలేశాడు, సగం మొగుణ్ణైన నేనెందుకు వదలాలి? ఈ మాట అమ్మతో అంటే చెంప పగులుతుంది గనక ఇస్త్రీపెట్టెతో అన్నాను. డ్రైక్లీనింగ్ షాపులో నా పని అదే, పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ కోట్లు ఇస్త్రీ చేయడం.

వదిన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగిస్తుంది. లోకానికి నచ్చేవేవీ మా ఇద్దరికీ నచ్చవు. మాకు నచ్చేవి వేరు. వాసన లేని సబ్బు, చెవులు నొక్కని టోపీ, పాత తాళాలు తప్ప ఇంకేమీ లేని మ్యూజియం గది. ఎవరికి ఏది దొరికినా రెండోవాళ్ళకు చెప్పాలి. అదీ ఎలా? ఎక్కడుందో చెప్పి, "నీకు నచ్చుతుంది" అనాలి. అంతే! పొగడకూడదు, వెంట వెళ్ళకూడదు. ఒక్కరే వెళ్ళి చూసి రావాలి. వచ్చాక వంటింట్లో గిన్నెలు తోముకుంటూ చెప్పుకోవాలి. కబుర్లలో పడి కుళాయి కట్టడం కూడా మరిచిపోయేవాళ్ళం. "చూసింది గోరంత, చెప్పేది కొండంత. ఇద్దరికీ పిచ్చి ముదిరింది," అని అన్నయ్య విసుక్కునేవాడు. నిజం చెప్పొద్దూ, చూడటం కంటే చెప్పుకోవడమే బాగుండేది.

వదిన వెళ్ళిపోయాక నాకేమీ దొరకలేదు. వెతికానా అంటే అదీ లేదు.

ఈ చలికాలంలో ఒకాయన కోటు కౌంటరు మీదే మరిచిపోయి వెళ్తుంటే, వెంటపడి ఎదురుగా ఉన్న కార్ల పార్కింగులోకి పరిగెత్తాను. ఆయన కింది అంతస్తులోనే ఉన్నాడట. నేను తిక్కదానిలా పైదాకా ఎక్కేశాను. అక్కడ ఒక్క కారూ లేదు. పిట్టగోడ అవతల, కింద రైలు యార్డు. ఓ ఇంజను మెల్లగా వచ్చి ఖాళీ పెట్టెలను తాకింది. ఆ కుదుపు ఒక్కో పెట్టే దాటుకుంటూ చిట్టచివరి దాకా పోయింది. తర్వాత అంతా నిశ్శబ్దం.

"అమ్మబాబోయ్, చూశావా వదినా!" అన్నాను పైకే. పక్కన ఎవరూ లేరు.

ఆ సాయంత్రమే చిరునామా పంపి, "పై అంతస్తు. నీకు నచ్చుతుంది," అని రాశాను. వదిన వెళ్ళి చూసి, ఎలా ఉందో నాకు చెబితే, నేనింకా ఆమెకు ఏదో ఒకటి అవుతాను. చెప్పకపోతే ఏమీ కాను. నాకు తెలియాల్సింది అదొక్కటే.

జవాబుగా బొటనవేలి బొమ్మ వచ్చింది. బొటనవేలు! పార్సిలు తెచ్చేవాడికి పెట్టేది నాకు పెడుతుందా? మర్నాడు కాలుగాలిన పిల్లిలా షాపంతా తిరిగాను. ఎవరిదో కాలరు మాడ్చి యజమాని చేత చీవాట్లు కూడా తిన్నాను.

ఆదివారం ఇక ఉండబట్టలేక నేనే వెళ్ళాను. పిట్టగోడ దగ్గర వదిన! ప్రాణం లేచొచ్చింది. ఆ పక్కనే ఇంకొకావిడ ఉంది, వదినతో పాటు షాపులో పనిచేసే ఆవిడ. కింద ఇంజను పెట్టెలను తాకింది.

"నీకు నచ్చుతుందని చెప్పానా లేదా!" అంటూ వదిన ఆవిడ భుజం తట్టింది.

తిరిగి నన్ను చూసింది. ముఖం విప్పారింది, అంతలోనే ముడుచుకుంది.

"ఎవరూ?" అని అడిగింది ఆవిడ.

ఇదివరకైతే వదిన "మా ఆడపడుచు" అని వీధంతా వినబడేలా చెప్పేది.

"తెలిసినావిడ," అంది.

నా నోటికి తాళం వేసే మొనగాడు పుట్టలేదంటుంది అమ్మ. ఆ పూట దానంతటదే పడింది.

"బాగుందా?" అన్నాను చివరికి.

"చాలా బాగుంది. మొన్న ఒక్కదాన్నే వచ్చాను. ఇంటికెళ్ళాక చెప్పుకోడానికి మనిషి లేక పిచ్చెక్కినట్టయింది. అందుకే ఇవాళ తనని తీసుకొచ్చా," అంది వదిన, నా వైపు చూడకుండా.

మరి నేనెందుకున్నాను అని అడగాల్సింది. తెలిసినావిడ అలా అడగదు కదా. పనుందని చెప్పి మెట్లు దిగాను. పనీ లేదు, పాడూ లేదు. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అమ్మతో చెబితే "నే చెప్పలేదూ?" అంటుంది. అన్నయ్యతో చెప్పేది కాదు. ఇదంతా ఎవరి ముందైనా వెళ్ళగక్కాలి. "తెలిసినావిడనట నేను!" అని అరవాలి. విన్న మనిషి చేతిలో గిన్నె అలాగే పట్టుకుని "ఎంత మాటంది!" అనాలి.

అలా అనే మనిషి నాకు లోకంలో ఒక్కతే. ఆమె పై అంతస్తులో ఉంది.